మాల వేసుకున్న పిల్లాడు బడికి ఏ బట్టలతో వెళ్ళాలి?

 

గత వారం మన ఛానెల్‌లో మాలధారణ నియమాల మీద వీడియో పెట్టాం కదా. రెండు పూటలా చన్నీటి స్నానం, నేల మీద పడక, కాళ్ళకి చెప్పుల్లేకపోవడం, ఎదురైన ప్రతి మనిషినీ "స్వామి" అని పిలవడం, అన్నీ అందులో చెప్పాం. అది చూసి, తెలిసినవాళ్ళ ద్వారా నంబర్ తీసుకుని ఒక అక్క ఫోన్ చేశారు. వాళ్ళబ్బాయి ఎనిమిదో తరగతి, ప్రభుత్వ బడి. ఈసారి కన్నెస్వామి. మాల వేసుకున్న రెండో రోజే గేటు దగ్గర ఆపేశారట. యూనిఫామ్, బూట్లు వేసుకుంటేనే లోపలికి, లేదంటే దీక్ష అయ్యాక పంపండి అన్నారట.

"మనకి ఆ మాత్రం హక్కు లేదా తమ్ముడూ?" అని అడిగారు ఆవిడ.

"ఉందక్కా" అని ఒక్క ముక్కలో చెప్పేస్తే సంతోషించేవారు. నేనూ చెప్పబోయాను. కానీ ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకో తర్వాత చెప్తాను. "వివరంగా రాసి పెడతానక్కా" అని ఫోన్ పెట్టేశాను. ఈ పోస్టు ఆవిడ కోసమే.

ముందే ఒక మాట. నేను పండితుణ్ణి కాదు, లాయర్ని అసలే కాదు. వారమంతా ఆఫీసులో కోడ్ రాస్తాను, శనాదివారాలు ఈ వీడియోల ఎడిటింగ్ చూస్తాను. కానీ ఈ ప్రశ్న నాకు పాత చుట్టం. రెండు మూడు రాత్రులు కూర్చుని కోర్టు తీర్పులు చదివాను. అర్థమైనంత వరకు చెప్తాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్నతో పాటు మాల వేసుకున్నాను. మాది జిల్లా పరిషత్ హైస్కూలు. నల్ల చొక్కా, నల్ల లుంగీ, నుదుటిన విభూతి, మెడలో తులసిమాల. మొదటి రోజు ప్రేయర్ లైన్లోంచి డ్రిల్లు సారు నన్ను బయటికి లాగారు. "ఇది బడా, భజన మందిరమా?" అన్నారు. ప్రతిజ్ఞ, వార్తలు అన్నీ అయ్యేదాకా జెండా దిమ్మె పక్కన ఒక్కణ్ణే నిలబడ్డాను. అరికాళ్ళలో గులకరాళ్ళు గుచ్చుకుంటున్నాయి. వాటి కన్నా అటు నుంచి చూస్తున్న పిల్లల కళ్ళే ఎక్కువ గుచ్చుకున్నాయి. కాసేపటికి హెడ్మాస్టరు గారు వచ్చి పైనించి కిందికి చూసి, "నలభై ఒక్క రోజులేగా, పోనివ్వండి" అన్నారు. అంతే. వెళ్ళి నా బెంచీలో కూర్చున్నాను. గెలిచాననుకున్నాను.

చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, ఆ రోజు నాకు దొరికింది హక్కు కాదు, దయ అని. ఆయన మంచివారు కాబట్టి ఇచ్చారు. ఇంకొకరైతే ఇచ్చేవారు కాదు. ఈ రెండింటికీ తేడా ఏంటో అర్థం కావాలంటే మిమ్మల్ని కాస్త దూరం తీసుకెళ్ళాలి. అది కూడా నల్ల బట్ట కథే.

1965 డిసెంబరు. అమెరికాలో అయోవా రాష్ట్రం, డి మోయిన్ అనే ఊరు. వియత్నాంలో యుద్ధం నడుస్తోంది. రెండు వైపులా చనిపోతున్నవాళ్ళ కోసం దుఃఖిస్తున్నామని, క్రిస్మస్‌కైనా కాల్పులు ఆపాలని చెప్పడానికి కొందరు పిల్లలు చేతికి నల్ల గుడ్డ కట్టుకుని బడికి వెళ్ళాలనుకున్నారు. రెండంగుళాల వెడల్పు గుడ్డ, అంతకు మించి ఏం లేదు. సంగతి ముందే తెలిసి ప్రిన్సిపాళ్ళంతా కూర్చుని, ఆ గుడ్డ కట్టుకుని వస్తే తీయమంటాం, తీయకపోతే సస్పెండ్ చేస్తాం అని రూలు పెట్టేశారు. అయినా వెళ్ళారు. మేరీ బెత్ టింకర్‌కి 13 ఏళ్ళు, వాళ్ళన్న జాన్‌కి 15, స్నేహితుడు క్రిస్టఫర్ ఎకార్ట్‌కి 16. ఆ బడులన్నిట్లో 18,000 మంది విద్యార్థులుంటే సస్పెండ్ అయింది ఐదుగురు. టింకర్ల నాన్న మెథడిస్టు చర్చి పాస్టరు. అంటే అది కూడా ఒకరకంగా భక్తి ఉన్న ఇంట్లోంచి వచ్చిన నల్ల బట్టే.

ఇక్కడ ఒక చిన్న గమనిక. అమెరికాలో పబ్లిక్ స్కూల్ అంటే ప్రభుత్వ బడి. మన దగ్గర బోర్డు మీద పబ్లిక్ స్కూల్ అని ఉంటే అది చాలావరకు ప్రైవేటే, ఫీజు చూస్తే తెలిసిపోతుంది! ఈ తేడా ఊరికే చెప్పట్లేదు. అక్కడి రాజ్యాంగం మొదటి సవరణ కట్టడి చేసేది ప్రభుత్వాన్ని. ప్రభుత్వ బడిలో టీచరు కూడా ప్రభుత్వమే. అందుకే ఆ గుడ్డ ముక్క సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

1969 ఫిబ్రవరి 24న తీర్పు వచ్చింది, ఏడుగురు అటు, ఇద్దరు ఇటు. బడి గేటు దాటగానే పిల్లలకి మాట్లాడే స్వేచ్ఛ పోదు, కట్టుకున్న గుడ్డ కూడా ఒక మాటే అని జస్టిస్ ఏబ్ ఫోర్టస్ రాశారు. పాఠాలు నిజంగా, గట్టిగా దెబ్బతింటాయని గాని, వేరే పిల్లల హక్కులకి అడ్డం వస్తుందని గాని చూపించగలిగితేనే ఆపాలి. ఏదో అవుతుందేమోనన్న భయం చాలదు. ఆయన ఇంకో విషయం పట్టుకున్నారు. అవే బడుల్లో పిల్లలు ఎన్నికల బ్యాడ్జీలు పెట్టుకుని తిరిగేవారు. నాజీల గుర్తుగా పేరుపడిన ఐరన్ క్రాస్ పెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. వాటిని ఎవరూ ఆపలేదు. ఆపింది నల్ల గుడ్డని మాత్రమే. అంటే రూలు బట్ట మీద కాదు, ఆ బట్ట చెప్పే మాట మీద.

అదే తీర్పులో ఆయన ఇంకో గీత కూడా గీశారు, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఇది పావడా పొడుగు గురించో, జుట్టు కత్తిరింపు గురించో వచ్చిన కేసు కాదు అన్నారు. అంటే బడికి యూనిఫామ్ పెట్టుకునే అధికారం లేదని కోర్టు ఎక్కడా అనలేదు. 1994లో కాలిఫోర్నియాలో లాంగ్ బీచ్ బడులు చిన్న తరగతులన్నిటికీ యూనిఫామ్ పెట్టాయి. ఆ తర్వాత చాలా ఊళ్ళు అదే దారి పట్టాయి. అందరికీ ఒకే చొక్కా అన్నది వేరు, నీ గుర్తు మాత్రం తీసెయ్ అన్నది వేరు. మన గొడవలన్నీ ఈ రెంటినీ కలిపేయడం వల్లే వస్తున్నాయని నాకనిపిస్తుంది.

టింకర్ పిల్లలు సెలవుల తర్వాత చేతి గుడ్డ తీసేసే బడికి వెళ్ళారు. కానీ మిగిలిన ఏడాదంతా నల్ల బట్టలు వేసుకున్నారట. రూలు గుడ్డ గురించే కదా, బట్టల గురించి కాదు కదా! ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. జెండా దిమ్మె పక్కన నా నల్ల లుంగీ గుర్తొచ్చి ఇంకాసేపు నవ్వాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. నల్ల గుడ్డ రాజకీయం, నల్ల లుంగీ భక్తి. రెండూ ఒకటెలా అవుతాయి?

మన దేశంలో ఇలాంటి కేసు రాగానే కోర్టు మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. ఇది నీ మతంలో తప్పనిసరి ఆచారమా? 1954 నాటి శిరూర్ మఠం కేసు నుంచి నడుస్తున్న కొలత ఇది. తప్పనిసరి అయితే రక్షణ, కాకపోతే లేదు. వినడానికి బాగానే ఉంటుంది. మన మాలని ఈ తక్కెడలో పెట్టి చూడండి. అయ్యప్ప మాల ప్రతి హిందువూ వేసుకోవాలని ఏ శాస్త్రం చెప్పింది? మా తాత జీవితంలో ఒక్కసారి కూడా వేసుకోలేదు, ఆయన కన్నా భక్తుణ్ణి నేను చూడలేదు. మాల ఎవరూ బలవంతాన వేయరు. నలభై ఒక్క రోజులు ఇలా ఉంటాను స్వామీ అని మనంతట మనం గురుస్వామి ముందు ఇచ్చే మాట అది. తప్పనిసరి కాదు కాబట్టే దానికి విలువ. తప్పనిసరి అని కోర్టులో నిరూపించాలంటే ముందు దాని ప్రాణం తీసేయాలి.

ఈ కొలత బాధ మనకి కొత్త కాదు కూడా. 2018 సెప్టెంబరు 28న శబరిమల తీర్పు వచ్చినప్పుడు మెజారిటీ న్యాయమూర్తులు ఇదే తక్కెడ పట్టుకుని, ఆ కట్టుబాటు తప్పనిసరి ఆచారం కాదన్నారు. మనవాళ్ళు ఎంత బాధపడ్డారో మీకు తెలుసు. మా ఆచారంలో ఏది ముఖ్యమో, ఏది కాదో తేల్చడానికి మీరెవరు అని అడిగారు. ఆ తీర్పు మంచిదా కాదా అన్నది వేరే చర్చ, ఇక్కడ దాన్ని ఎత్తుకోను. కానీ ఆ రోజు ఆ ప్రశ్న వేసినవాళ్ళం, ఇంకొకరి ఆచారం దగ్గరికి వచ్చేసరికి అదే తక్కెడ పట్టుకోమని కోర్టుకి చెప్పడం ఎలా కుదురుతుంది?

దక్షిణాఫ్రికాలో ఒక ముక్కుపుడక కేసు ఉంది. మన ఆడవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. డర్బన్‌లో తమిళ మూలాలున్న హిందూ కుటుంబం, చదువు ప్రభుత్వ బడిలో. ఈడుకొచ్చిన ఆడపిల్లకి ముక్కు కుట్టించి బంగారు పుడక పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. పదహారో పుట్టినరోజుకి నానమ్మ దాని స్థానంలో వజ్రం పుడక పెట్టాలి. బడి నగల రూలు చూపించి తీయమంది. కేసు 2007లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్ళింది. ఇది మా మతంలో విధిగా చేయాల్సింది కాదు, మా సంప్రదాయం, మాకు ముఖ్యం అని ఆ కుటుంబమే ఒప్పుకుంది. అబద్ధం చెప్పలేదు. అయినా గెలిచారు. మనిషి తనంతట తాను ఎంచుకుని పాటించేదానికి విలువ తక్కువేం కాదని చీఫ్ జస్టిస్ పయస్ లంగా రాశారు. ఒకరికి ఒప్పుకుంటే రేపు అందరూ వస్తారన్న బడి వాదనకి ఆయన జవాబు ఇంకా బాగుంది. వస్తే రానివ్వండి, అది భయపడాల్సిన సంగతి కాదు, సంబరపడాల్సినది అన్నారు.

ఆ ముక్కుపుడక తిరిగి తిరిగి మన దేశానికే వచ్చింది. 2022లో కర్ణాటకలో హిజాబ్ గొడవ గుర్తుందిగా. ఉడుపిలో ప్రభుత్వ కాలేజీలో మొదలైంది. ఒకవైపు హిజాబ్, ఇంకోవైపు కాషాయ కండువాలు. ఫిబ్రవరి 5న ప్రభుత్వం యూనిఫామ్ మీద ఆర్డరు ఇచ్చింది. మార్చి 15న హైకోర్టు, హిజాబ్ ఇస్లాంలో తప్పనిసరి కాదు కాబట్టి యూనిఫామే నిలుస్తుంది అంది. డర్బన్ కేసు సంగతేంటని అడిగితే, ఆ ముక్కుపుడక కంటికి కనపడనంత చిన్నది, దానికీ దీనికీ పోలికేంటి అంది. ఈ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. చిన్నదైతే పర్వాలేదు, కనపడితే కుదరదు! మరి మన మాల? నుదుటి మీద విభూతి, చందనం, నల్ల బట్ట వీధి చివర్నుంచి కనపడతాయి.

సుప్రీంకోర్టులో అదే ఏడాది అక్టోబరు 13న ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. జస్టిస్ హేమంత్ గుప్తా నిషేధాన్ని నిలబెట్టారు. జస్టిస్ సుధాంశు ధూలియా కొట్టేశారు. ధూలియా గారు తప్పనిసరా కాదా అన్న లెక్కలోకే పోలేదు. అది ఆ అమ్మాయి ఎంపిక, అంతే అన్నారు. ఆసరాగా పట్టుకున్నది ఒక పాత కేరళ కేసుని.

ఆ కేసులో మన తెలుగు బంధం ఉంది. 1985లో కేరళలో ముగ్గురు అన్నాచెల్లెళ్ళు, యెహోవా సాక్షుల కుటుంబం. బడిలో జాతీయ గీతం వచ్చినప్పుడు గౌరవంగా లేచి నిలబడేవారు, కానీ పాడేవారు కాదు. దేవుణ్ణి తప్ప ఇంకొకరిని స్తుతించకూడదని వాళ్ళ నమ్మకం. ఎన్నో ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. ఒక రోజు పట్టించుకున్నారు, బడి నుంచి తీసేశారు. 1986 ఆగస్టు 11న వాళ్ళని వెనక్కి తీసుకోమని తీర్పు రాసింది జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకి వెళ్ళిన మనిషి. ఆయన వాళ్ళ నమ్మకం తనకి నచ్చిందా, హేతుబద్ధమా అని చూడలేదు. నిజంగా, మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా అని చూశారు. మాట్లాడే హక్కులో మౌనంగా ఉండే హక్కు కూడా ఉందన్నారు. దాన్ని ఆపాలంటే సరైన చట్టం ఉండాలి, ఆఫీసు నుంచి వచ్చిన సర్క్యులర్ చాలదన్నారు. అమెరికాలో జెండా వందనం చేయని పిల్లల తరఫున 1943లో వచ్చిన బార్నెట్ తీర్పుని కూడా ఆయన ఇందులో చర్చించారు. అంతకు మూడేళ్ళ ముందు అదే అమెరికా కోర్టు అలాంటి పిల్లలకే వ్యతిరేకంగా తీర్పిచ్చింది, మూడేళ్ళలో తన తప్పు తానే దిద్దుకుంది.

అక్కా, మీ ప్రశ్నకి నా ఆలోచన ఇక్కడికి చేరింది. మాల మతం ఆజ్ఞాపించింది కాబట్టి వదలండి అని అడిగితే మనం ఓడిపోతాం, పైగా అబద్ధం చెప్పినవాళ్ళం అవుతాం. మాల ఆ పిల్లాడి సొంత మాట కాబట్టి వదలండి అని అడగాలి. రాజ్యాంగం 25వ అధికరణం మత స్వేచ్ఛ ఇస్తుంది, 19వది మాట స్వేచ్ఛ ఇస్తుంది. రెండోది మీ శాస్త్రం ఏం చెప్పిందని అడగదు. నువ్వేం చెప్పదలుచుకున్నావని అడుగుతుంది.

దీనికి ఎదురు వాదన ఉంది, అది తేలికైనది కాదు. టింకర్ కేసులో ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు జస్టిస్ హ్యూగో బ్లాక్. జీవితమంతా వాక్ స్వాతంత్ర్యం కోసం కొట్లాడిన పెద్దాయన. అలాంటాయనే పిల్లలు బడికి నేర్చుకోవడానికి వస్తారు, నేర్పడానికి కాదు అన్న ధోరణిలో రాశారు. ఆ గుడ్డ మీద వాదనలతో ఒక లెక్కల క్లాసు మొత్తం పాడైందని చూపించారు. టింకర్ల ఇంట్లో రెండో తరగతి పిల్లాడు కూడా గుడ్డ కట్టుకున్నాడు. వాడికి వియత్నాం అంటే ఏం తెలుసు? అది వాడి మాటా, వాళ్ళ నాన్న మాటా?

ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. తొమ్మిదో తరగతిలో నేను వేసుకున్న మాల నా మాటా, నాన్న మాటా? నిజం చెప్పాలంటే మొదటి వారం నాన్న మాటే. ఎరుమేలి చేరేసరికి నాది అయింది. పిల్లలు పెద్దవాళ్ళ మాటలు పలుకుతూనే సొంత మాట నేర్చుకుంటారు, ఇంకో దారి లేదు. కానీ ఇంట్లో భయపెట్టి వేయించిన మాలకి బడి దగ్గర హక్కు అడగడం నాకు న్యాయం అనిపించదు. ముందు పిల్లాణ్ణి కూర్చోబెట్టి అడగండి, బడిని తర్వాత అడగొచ్చు.

యూనిఫామ్‌లో మంచి కూడా చాలా ఉంది. మా క్లాసులో షావుకారు కొడుకూ, మేస్త్రీ కొడుకూ ఒకే నీలం ప్యాంటులో కూర్చునేవాళ్ళం. పండగ రోజు ఇష్టమైన బట్టల్లో రమ్మంటే ఎవరు ఏంటో తెలిసిపోయేది, కొందరు ఆ రోజు బడికే వచ్చేవారు కాదు. అందుకే యూనిఫామ్ ఎత్తేయమని నేను అనను. కెమిస్ట్రీ ల్యాబులో చెప్పుల్లేకుండా నిలబడతానంటే నేనే వద్దంటాను, పగిలిన గాజుకీ యాసిడ్‌కీ దీక్ష సంగతి తెలియదు. అడగాల్సింది యూనిఫామ్ తీసేయమని కాదు, యూనిఫామ్‌తో పాటు ఈ గుర్తు ఉంటే ఎవరికి నష్టం అని. మా ఆఫీసులో ఫైర్‌వాల్ రూల్స్ రాస్తాం. అక్కడ అనుమతి లేని ప్రతిదీ ఆపేయడమే పద్ధతి. పిల్లల మాటలకి ఆ పద్ధతి పనికిరాదు. ఆపాలనుకున్నవాళ్ళే కారణం చూపించాలి.

ఆ కారణం దగ్గర కూడా ఒక మెలిక ఉంది. గొడవ అవుతుంది కాబట్టి తీసెయ్ అంటారు. గొడవ చేసేదెవరు? 2010 మే 5న కాలిఫోర్నియాలో మోర్గన్ హిల్ అనే చోట, మెక్సికన్ల పండగ రోజు, కొందరు పిల్లలు అమెరికా జెండా బొమ్మ ఉన్న చొక్కాలతో వచ్చారు. కొట్లాట అవుతుందని భయపడి, తిరగేసి తొడుక్కో, లేదా ఇంటికెళ్ళు అన్నారు. కోర్టు కూడా బడినే సమర్థించింది. సొంత దేశం జెండా బొమ్మకి సొంత దేశంలో! కొడతానన్నవాణ్ణి వదిలేసి కొట్టించుకునేవాణ్ణి ఇంటికి పంపితే, రేపటి నుంచి ఎవరికి ఏ గుర్తు నచ్చకపోయినా కొడతాననడం ఒక్కటే చాలు. మన దగ్గరా చూశాం. 2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లాలో హనుమాన్ దీక్ష బట్టల విషయం మీద ఒక స్కూలు మీద గుంపు పడి అద్దాలు పగలగొట్టింది. పిల్లలు అడగాల్సిన ప్రశ్న వాళ్ళ నోట్లోంచి లాక్కుని పెద్దవాళ్ళు రాళ్ళ కింద మార్చేశారు. ఆ వీడియో చూసిన రోజు మన ఛానెల్‌లో ఏమీ పెట్టలేదు నేను. సిగ్గేసింది.

ఇప్పుడు ఫోన్లో మాట ఎందుకు ఆగిందో చెప్తాను.

పదో తరగతికి వచ్చేసరికి ఆ మంచి హెడ్మాస్టరు గారు బదిలీ అయిపోయారు. కొత్తాయన యూనిఫామ్ విషయంలో గట్టి. నన్ను క్లాస్ లీడర్ని చేశారు. ప్రేయర్ అవ్వగానే యూనిఫామ్ సరిగా లేనివాళ్ళ పేర్లు రాసివ్వడం నా పని. నా పక్క బెంచీ అబ్బాయి మెడలో చిన్న జపమాల ఉండేది, కింద శిలువ. వాళ్ళమ్మకి ఒంట్లో బాగోలేక ఆసుపత్రిలో ఉంటే వేసుకున్నాడు. బాగయ్యేదాకా తీయనని మొక్కుకున్నాడు. నాకది తెలుసు. అయినా పేరు రాశాను. సారు పిలిచి తీయించారు. వాడు దాన్ని మడిచి జామెట్రీ బాక్సులో, కంపాస్ పక్కన పెట్టుకుని, నా వైపు చూసి అన్నాడు. "నీకు నలభై ఒక్క రోజులు ఒప్పుకున్నారు కదరా."

"మాది దీక్ష. నీది గొలుసు" అన్నాను.

ఆ జవాబు చెప్పేటప్పటికి నేను మాల తీసి ఏడాది కూడా కాలేదు. ఎరుమేలిలో వావర్ స్వామి మసీదుకి నాన్న చెయ్యి పట్టుకుని వెళ్ళి మొక్కి వచ్చినవాణ్ణి. సన్నిధానంలో తత్త్వమసి అన్న అక్షరాలు తలెత్తి చదివినవాణ్ణి. నువ్వే అది అని దాని అర్థం నాన్న చెబితే తల ఊపినవాణ్ణి. నలభై ఒక్క రోజులు కనపడిన ప్రతివాణ్ణీ స్వామి అని పిలిచి, పక్క బెంచీవాడి పేరు తప్పుల కాగితం మీద రాశాను. వాళ్ళమ్మ తర్వాత కోలుకున్నారు. కానీ వాడు ఆ ఏడాదంతా నాతో లెక్కల నోట్సు మార్చుకోలేదు. ఇప్పుడు ఎక్కడున్నాడో తెలీదు.

అందుకే అక్కా, "మనకి హక్కు లేదా" అన్న మీ మాటలో "మనకి" దగ్గర ఆగిపోయాను.

నిన్న మళ్ళీ ఫోన్ చేశాను. హెడ్మాస్టరు గారికి మర్యాదగా ఒక అర్జీ రాయమని చెప్పాను. యూనిఫామ్ వేసుకుంటాడు, దాని మీద మాల, నల్ల కండువా, నుదుట బొట్టు ఉంటాయి, ల్యాబులో తప్ప చెప్పులుండవు, చదువుకి ఆటంకం వస్తే అప్పుడు పిలవండి, వచ్చి మాట్లాడతాం అని. తర్వాత ఒక వాక్యం చేర్చమన్నాను. మా అబ్బాయికే కాదు, ఈ బడిలో తన నమ్మకం కొద్దీ ఇలాంటి గుర్తు పెట్టుకునే ఏ పిల్లకైనా, ఏ పిల్లాడికైనా ఇదే ఒప్పుకోండి అని.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. ఆ బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి రోజూ పొద్దున వాచ్‌మన్ గది పక్కన నిలబడి తలగుడ్డ తీసి సంచిలో పెట్టుకుని లోపలికి వెళ్తుందట. వీళ్ళబ్బాయిని దింపడానికి వెళ్ళినప్పుడు చాలాసార్లు చూశారట.

"ఆ వాక్యం రాస్తే ఆ అమ్మాయికి కూడా అడిగినట్టే కదా తమ్ముడూ?"

"అవునక్కా."

"మీ బావగారిని అడిగి చెప్తాను" అన్నారు.

ఇది రాస్తున్న సమయానికి ఆ అర్జీ ఇంకా ఇవ్వలేదు. దీక్షలో పదకొండో రోజు. బాబు యూనిఫామ్ వేసుకుని, మాల చొక్కా లోపలికి వేసుకుని వెళ్తున్నాడట. గేటు దగ్గర బూట్లు తొడుక్కుని, సాయంత్రం బయటికి రాగానే విప్పి చేత్తో పట్టుకుని ఇంటికి నడుస్తున్నాడట.

స్వామి శరణం.